చార్మినారు బజార్లు

చార్మినారు బజార్లు హైదరాబాదు పాతనగరంలో చార్మినారుకు నాలుగు వైపులా వ్యాపించి ఉన్న సాంప్రదాయిక విపణి వీధుల సముదాయము. వీటిలో చార్మినారుకు పడమటి దిక్కున సుమారు ఒక కిలోమీటరు పొడవున సాగే లాడ్ బజారు గాజులకు ప్రసిద్ధి చెందినది. ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి ప్రాంతాలు ముత్యాలకు, నగలకు, వస్త్రాలకు, అత్తరులకు పేరుపొందినవి. పదహారవ శతాబ్దం చివర నగరంతో పాటే రూపుదిద్దుకున్న ఈ బజార్లు పారశీక, మధ్య ఆసియా నగరాలలో కనిపించే "చార్సూ" బజార్ల కోవకు చెందినవి. చార్సూ అనగా నాలుగు దిక్కులు, నాలుగు దారులు కలిసే కూడలి అని అర్థము.

పేరు, పదాలు

బజారు అనునది పారశీక పదము. తెలుగులో అంగడి, సంత, విపణి వంటి మాటలు ఉన్నప్పటికీ బజారు ఎప్పుడో తెలుగు మాటగా స్థిరపడిపోయినది. అయితే అర్థం అన్నిచోట్లా ఒకటి కాదు. పల్నాడులో రొంపిచెర్ల వంటి గ్రామాలలో "మా బజారు" అంటే తాము కాపురముండే వీధి. ఆ బజారులో ఒక్క దుకాణమైనా ఉండవలసిన పని లేదు. వారానికొక రోజు జరిగే క్రయవిక్రయాలను మాత్రం అక్కడ సంత అనే అంటారు. కనుక "లాడ్ బజారు" అన్న పేరు వినగానే ఆ ప్రాంతం వారికి మొదట ఒక వీధి మనసులో మెదలుతుంది. ఆ ఊహ తప్పు కూడా కాదు.

బజారుతో పాటు దుకాణము, కమాను, అత్తరు, రుమాలు, కిస్మిస్ మొదలైన మాటలు కూడా పారశీక, అరబ్బీ భాషల నుండి తెలుగులోనికి వచ్చినవే. నాణెములను పరీక్షించి మార్చి ఇచ్చే వ్యాపారిని తెలుగులో షరాబు అంటారు. దీనికి మూలమైన "సర్రాఫ్" అన్న మాటే ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా నగరంలో ఉన్న "తాకి సర్రాఫాన్" (షరాబుల గుమ్మటము) అనే పదహారవ శతాబ్దపు బజారు పేరులోనూ కనిపిస్తుంది.

లాడ్ అన్న పేరుకు రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. లక్క అన్న అర్థంలో వచ్చినదని కొందరు, గారాబము అనే అర్థమున్న ఉర్దూ మాట "లాడ్" నుండి వచ్చినదని మరికొందరు చెబుతారు. స్థానికులు దీనిని చూడీ బజారు (గాజుల బజారు) అని కూడా పిలుస్తారు.

చరిత్ర

1591లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ నదికి దక్షిణాన కొత్త నగరాన్ని, దాని నడిబొడ్డున చార్మినారును నిర్మించాడు. నగర రూపకల్పన చేసినవాడు మంత్రి (పేష్వా) మీర్ మోమిన్ అస్త్రాబాదీ అని ప్రసిద్ధి. ఈయన స్వస్థలమైన అస్త్రాబాదు నేటి ఇరాన్‌లోని గోర్గాన్ నగరము. ఇది కాస్పియన్ సముద్రపు ఆగ్నేయ తీరానికి సమీపంలో, తుర్క్‌మెనిస్తాన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్నది. కుతుబ్‌షాహీ వంశ మూలపురుషుడు సుల్తాన్ కులీ కూడా ఇరాన్‌లోని హమదాన్ నుండి వచ్చిన తుర్కుమాన్ వంశీయుడే.

చార్మినారుకు ఉత్తరాన నాలుగు ఎత్తైన కమానులను 1592లో నిర్మించారు. వీటిని చార్‌కమాన్ అంటారు. ఉత్తరాన మచిలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్ ఉండగా, పడమటి కమాను రాజప్రాసాదాలకు దారి తీసేది. నాలుగు కమానుల నడుమ ఉన్న నీటి తొట్టికి నేటి పేరు గుల్జార్ హౌజ్. దీని పాత పేరు "చార్ సూ కా హౌజ్". అనగా ఈ బజారు ఏ కోవకు చెందినదో ఆ పేరే చెప్పుచున్నది.

హైదరాబాదును ఇస్ఫహాన్ నగరపు నమూనాలో కట్టారని వ్రాయడం పరిపాటి అయినది. ఈ మాటను కొంత జాగ్రత్తగా స్వీకరించవలెను. షా అబ్బాస్ తన రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చినది 1598లో. నేడు అందరూ కొనియాడే అక్కడి మైదానము, దాని చుట్టూ ఉన్న కట్టడాలు ఆ తరువాతివే. అప్పటికే చార్మినారు కట్టి ఏడేళ్ళు గడిచినవి. రెండు నగరాలూ ఒకే పాత సంప్రదాయాన్ని అనుసరించాయి అనడం సరియైన మాట.

ఆ సంప్రదాయం మధ్య ఆసియాలో నేటికీ కనిపిస్తుంది. తాష్కెంట్ పాతనగరంలోని ప్రధాన బజారు పేరు చోర్సూ. అక్కడి నీలిరంగు పెద్ద గుమ్మటము సోవియట్ కాలంలో 1980లో కట్టినదైనా, బజారు, పేరు పాతవే. బుఖారాలో దారులు కలిసే చోట్ల గుమ్మటాలు కట్టి, ఒకదానిలో కంసాలులను, ఒకదానిలో టోపీల వారిని, మరొకదానిలో షరాబులను కూర్చోబెట్టారు. అక్కడి ఎండలకు, చలిగాలులకు కప్పు అవసరమైనది. హైదరాబాదులో కూడలికి కప్పు వేయలేదు, కమానులతో సరిపెట్టారు. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వీధి అన్న పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆసఫ్‌జాహీ పాలకుల పూర్వీకులు సమర్కండ్ ప్రాంతం వారు. మొదటి నిజాము తాతగారైన ఖ్వాజా ఆబిద్ (కిలీచ్ ఖాన్) ఔరంగజేబు పక్షాన పోరాడుతూ 1687 నాటి గోల్కొండ ముట్టడిలో మరణించాడు. ఆయన సంతతి వారే తరువాత ఇదే నగరాన్ని పాలించి, లాడ్ బజారుకు సమీపంలో చౌమహల్లా ప్రాసాదాన్ని కట్టుకున్నారు.

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసినది. ఆ తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రోడ్లను వెడల్పు చేసి, ఇరుప్రక్కలా కమానుల వరుసతో రాతి దుకాణాలను కట్టించినది. అదే నేటి పత్తర్‌గట్టి. కొత్తగా కట్టినా పాత కూడలి స్వరూపాన్ని చెరపకపోవడం ఇందులో మెచ్చదగినది.

వజ్రాల వ్యాపారము, చేతి బేరము

గోల్కొండ కోటకు, నగరానికి నడుమ ఉన్న కార్వాన్ అనే పేట ఒకప్పుడు దూరదేశపు వర్తకుల విడిది. కార్వాన్ అనగా వర్తకుల బిడారు. ఇక్కడికి వచ్చిన వజ్రాలలో పేరుపొందినవి పల్నాటివే. కృష్ణా నది కుడి ఒడ్డున ఉన్న కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే, అక్కడ స్త్రీలు, పిల్లలతో కలిపి అరవై వేలమంది పని చేస్తున్నారని వ్రాశాడు. కోహినూరు ఈ గనిలోనిదేనని చెబుతారు. కొల్లూరు గ్రామము పులిచింతల జలాశయంలో మునిగిపోయినది.

దక్కను గనుల వద్ద బేరం జరిగే తీరును తావెర్నియే వివరంగా వ్రాశాడు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ చాటున చేతులు కలుపుకుంటారు. నోటి నుండి ఒక్క మాట రాదు. అరచేయి మొత్తం పట్టుకొంటే వేయి, ఐదు వ్రేళ్ళు పట్టుకొంటే ఐదు వందలు, ఒక వ్రేలు పట్టుకొంటే నూరు, వ్రేలి నడిమి కణుపు వరకు పట్టుకొంటే యాభై, కొన మాత్రం పట్టుకొంటే పది. ప్రక్కన కూర్చున్నవారికి కూడా ధర తెలియదు. ఇదే పద్ధతి మధ్య ఆసియా పశువుల బజార్లలో చొక్కా చేతి చాటున, మన పశువుల సంతలలో తువ్వాలు చాటున సాగినది. తెలుగు రైతుకు ఇది పరదేశపు వింత కాదు.

లాడ్ బజారు, లక్క గాజులు

తెలుగులో గాజు అంటే చేతికి తొడిగే ఆభరణమూ, అది తయారయ్యే పదార్థమూ కూడా. అందువల్ల "లక్క గాజు" అన్న మాట వినడానికి కొంత విచిత్రంగా ఉంటుంది. మామూలు గాజులను వేరు చేసి చెప్పడానికి మన స్త్రీలు మట్టి గాజులు అంటారు.

లక్క అనేది మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే జిగురు. దీనిని బొగ్గుల కుంపటిపై కరిగించి, తెల్లని రాతి పొడి వంటివి కలిపి, ముద్ద చేసి, కర్రకు పట్టించి సన్నని కడ్డీగా సాగదీస్తారు. కావలసిన పొడవుకు కోసి, వేడి ఆరకముందే వంచి కొసలు అతికి, కొలత కర్రకు తొడిగి గుండ్రం చేస్తారు. ఆ తరువాత రంగు లక్క పూత వేసి, అద్దపు ముక్కలను, రాళ్ళను, పూసలను ఒక్కొక్కటిగా పొదుగుతారు. లక్క బాగా వేడిగా ఉంటే రాయి లోనికి దిగిపోతుంది, చల్లారితే అంటుకోదు. ఆ మధ్య వేడిని వ్రేళ్ళ కొనలతోనే గుర్తించవలెను. కుంపటి పని కార్ఖానాలో, రాళ్ళు పొదిగే పని తరచుగా ఇళ్ళ వద్ద స్త్రీల చేత జరుగుతుంది. దుకాణపు దీపాల వెలుగులో చూసే కొనుగోలుదారులకు ఆ కుంపటి కనబడదు.

గాజుల కొలతను గురించి ఒక మాట. 2.4, 2.6, 2.8 అని వ్రాసే అంకెలను చాలామంది దశాంశ భిన్నాలు అనుకుంటారు. అవి దశాంశాలు కావు. రూపాయికి పదహారు అణాలు ఉన్నట్లే, ఇక్కడ అంగుళానికి పదహారు భాగాలు. 2.4 అనగా రెండు అంగుళాల నాలుగు పదహారో వంతులు, అంటే రెండుంబావు అంగుళాల లోపలి వ్యాసము. 2.8 అనగా రెండున్నర అంగుళాలు. దశాంశ పద్ధతిలో కొలుచుకొని 2.4 అంగుళాలు కావలసినవారు 2.4 గాజు అడిగితే, అది చేతికి ఎక్కదు. పాత గాజు ఒకటి వెంట తీసుకొని వెళ్ళడం మేలు.

లక్క గాజులో ఒక సౌలభ్యం ఉన్నది. కాస్త బిగుతైతే వేడిచేసి కొద్దిగా పెంచవచ్చును, రాలిన రాయిని మళ్ళీ పొదగవచ్చును. వేడి తగిలే చోట మాత్రం ఉంచరాదు. నేడు దుకాణాలలో కనిపించేవన్నీ లక్కవి కావు. లోహపు కడియంపై రాళ్ళు అతికించినవి చాలా ఉన్నాయి. రెండు గాజులను మెల్లగా తాకించితే లోహపువి ఘల్లుమంటాయి, లక్కవి అలా మ్రోగవు.

ఇతర వీధులు

గుల్జార్ హౌజ్ చుట్టూ ముత్యాల దుకాణాలు ఉన్నాయి. హైదరాబాదును ముత్యాల నగరమని పిలిచినా, సముద్రం లేని ఈ ఊరిలో ముత్యాలు పండవు. పూర్వం పర్షియా సింధుశాఖ నుండి బస్రా ముత్యాలు వచ్చేవి. నేడు అమ్మేవాటిలో అధికభాగం చైనాలో మంచినీటిలో పెంచినవి. ఇక్కడి వారి ప్రావీణ్యం వాటిని ఏరి, తొలిచి, గుచ్చడంలో ఉన్నది. ముత్యాన్ని పంటికి రాచి చూస్తే అసలుది కొంచెం గరుకుగా తగులుతుంది.

అత్తరు దుకాణాలలో వేసవికి వట్టివేళ్ళ అత్తరు, తొలకరి మట్టి వాసన గల మిట్టీ అత్తరు, చలికాలానికి ఊద్, షమామా చూపిస్తారు. ఛత్తా బజారు పెళ్ళి శుభలేఖల ముద్రణకు, ఉర్దూ వ్రాతపనికి, మీర్ ఆలం మండీ కూరగాయలకు, సుగంధ ద్రవ్యాలకు పేరుపొందినవి.

సరోజినీ నాయుడు "ఇన్ ది బజార్స్ ఆఫ్ హైదరాబాద్" అనే ఆంగ్ల కవిత 1912లో వెలువడిన "ది బర్డ్ ఆఫ్ టైమ్" సంపుటిలో ఉన్నది. వర్తకులను ఏమి అమ్ముతున్నారని అడుగుతూ సాగే ఈ కవిత అనేక పాఠ్యపుస్తకాలకు ఎక్కినది. అందులో ఎవరూ బేరమాడరు. ఈ బజారును స్వయంగా చూసినవారికి అదొక్కటే లోటుగా తోచును.

సందర్శకులకు

మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు మెట్రో రైలు ఉన్నది. అక్కడి నుండి ఆటోలో చార్మినారు చేరవచ్చును. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో ప్రార్థనల వేళ రద్దీ అధికము, చాలా దుకాణాలు కొంతసేపు మూసి ఉంటాయి. రంజాన్ మాసంలో రాత్రంతా అంగళ్ళు తెరిచి ఉంటాయి. అప్పుడు చూడడానికి బాగుంటుంది, తీరికగా కొనడానికి మాత్రం అనువు కాదు.

ఉదయం దుకాణం తెరిచిన కొద్దిసేపటికి వెళ్ళడం మంచిది. మొదటి అమ్మకాన్ని తెలుగులో బోణీ, ఉర్దూలో బోహనీ అంటారు. ఆ గిరాకీని వట్టి చేతులతో పంపడానికి వర్తకుడు ఇష్టపడడు. అడిగిన వెంటనే చెప్పే ధర బేరానికి ఆరంభం మాత్రమే. "ఏక్ దామ్" (ఒకే ధర) అని పలక పెట్టిన చోట బేరమాడరు. దక్కనీ ఉర్దూ వాడుక భాష అయినా, వర్తకులలో చాలామందికి తెలుగు వస్తుంది. తెలుగు స్త్రీలను "అమ్మా", "అక్కా" అని, ఉర్దూ వారిని "ఆపా" అని పిలిచి కూర్చోబెడతారు. కూర్చున్న తరువాత ఇరవై జతలు తీయించి ఒక్కటీ కొనకుండా లేచినా విసుక్కోరు. లక్క గాజును చేతితో చేసిన కూలి తెలిసినవారు మరీ సగానికి సగం అడగడం మాత్రం ఉచితం కాదు.

ప్రస్తుత స్థితి

2015 జనవరిలో పాతనగరపు గాజుల కార్ఖానాలలో పోలీసులు జరిపిన సోదాలలో రెండు వందల మందికి పైగా బాలలు బయటపడ్డారు. వారిలో అధికులు బీహారు నుండి తీసుకురాబడినవారు. చవక గాజు ఎందువల్ల చవకగా ఉన్నదో ఈ సంఘటన తెలియజేసినది.

హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. నగరంలో ఈ గుర్తింపు అంతకు ముందు 2010లో హలీముకు వచ్చినది. దీని వల్ల వేరొక చోట చేసినవాటిని హైదరాబాదు లక్క గాజుల పేరుతో అమ్మడానికి వీలులేదు. అయితే కొనేవారు లక్క ఏదో లోహం ఏదో అడిగి తెలుసుకున్నప్పుడే ఆ గుర్తింపు కుంపటి వద్ద కూర్చున్నవారికి ఉపయోగపడుతుంది.

ఈ వీధులలో క్రింద దుకాణము, పైన నివాసము ఉండే పద్ధతి తరతరాలుగా వస్తున్నది. 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద అటువంటి ఒక భవనంలో తెల్లవారిన తరువాత జరిగిన అగ్నిప్రమాదంలో పిల్లలతో సహా 17 మంది మరణించారు. పై అంతస్తుల నుండి క్రిందికి ఇరుకైన దారి ఒక్కటే ఉండడం వల్ల లోపలివారు బయటపడలేకపోయారు. ఇటువంటి పాత ఇళ్ళు ఆ కూడలి చుట్టూ నేటికీ అనేకం ఉన్నాయి.