చెరువు కట్ట మీద ఎవరి మాట చెల్లాలి?

తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్లే. కుండలో ఉన్నా, చెరువులో ఉన్నా, వాగులో పారుతున్నా అది ఏరే. మాటల్లో ఇంత దగ్గరగా ఉన్న నీళ్లు చరిత్ర పుస్తకంలోకి వచ్చేసరికి మనకు దూరమవుతాయి. చెరువుల పాఠంలో రాజు పేరు, మంత్రి పేరు, సంవత్సరం ఉంటాయి. చెరువు ఎవరు తవ్వించారు అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ నీళ్లను ఎవరు కాపాడారు, ఎవరు ఏ పనికి వాడారు, కట్ట మీద ఎవరి మాట చెల్లింది అన్న ప్రశ్నలను పరీక్షలో ఎవరూ అడగరు. మన యువత ఆ ప్రశ్నలు అడగాలి, ఎందుకంటే వాటి జవాబు ఇప్పుడు చట్టంలో మన చేతికే ఇచ్చి ఉంది. అది మన చేతికి ఎలా వచ్చిందో తెలియాలంటే మొదటి నుంచి చెప్పుకోవాలి.

రాజుల చెరువులు, అడవి అంచులు

ఓరుగల్లు నుంచి గోదావరి వైపు వస్తే పాకాల, రామప్ప, లక్నవరం అనే మూడు పెద్ద చెరువులు కనిపిస్తాయి. మూడూ కాకతీయుల కాలపు చెరువులే. పాలంపేటలో రామప్ప గుడి శాసనం 1213 నాటిది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడినీ, దాని పక్కన చెరువునూ కట్టించాడు. పాకాల కూడా గణపతిదేవుని కాలానిదే. ఈ చెరువులు ఎక్కడ ఉన్నాయో గమనించండి. గుట్టల మధ్య సందు చూసి, ఆ సందుకు అడ్డంగా కట్ట వేశారు. చుట్టూ ఉన్న అడవి వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా చెరువుకు వదులుతుంది. అడవి ఉన్నంత కాలం చెరువులోకి పూడిక తక్కువగా, నీళ్లు తేటగా వస్తాయి. అంటే కట్ట రాజు వేయించినా, చెరువును బతికించింది ఎగువ అడవి. ఆ అడవిలో ఉన్నది మన పూర్వీకులు.

ఆ కాలంలో చెరువు బాగోగులకు ఒక ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించేవారికి చెరువు కింద పండిన పంటలో పదో వంతు చెందేది. శాసనాల్లో దీని పేరు దశబంధం. కట్ట తెగితే వారి ఆదాయమే పోతుంది కాబట్టి కట్టను చూసుకునేవారు. తెలివైన ఏర్పాటే. కానీ అది ఆయకట్టు లెక్క. చెరువు కింద పొలం ఉన్నవారికి అందులో చోటు ఉంది. పోడు చేసుకుని, అడవి సరుకు ఏరుకుని బతికేవారికి ఆ లెక్కలో చోటు లేదు.

ఈ లోపం ఎంత పెద్దదో మేడారం కథ చెబుతుంది. వరుసగా వానలు లేక కరువు వచ్చింది. పగిడిద్దరాజు కప్పం కట్టలేనన్నాడు. ప్రతాపరుద్రుని సేన సంపెంగ వాగు దాకా వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ నేలకొరిగారు. ఓటమి భరించలేక జంపన్న వాగులో దూకాడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు అయింది. సమ్మక్క తల్లి చిలుకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణెగా దొరికింది. తరతరాలుగా మనం చెప్పుకునే కథ ఇది. దీన్ని భక్తితో వింటాం, మంచిదే. ఒకసారి నీటి చరిత్రగా కూడా వినండి. దేశమంతా చెరువులు తవ్వించిన రాజ్యమే, నీళ్లు లేని ఏడు పన్ను అడిగింది. నీటి మీద హక్కు ఇవ్వకుండా పన్ను మాత్రం అడిగితే ఏమవుతుందో ఆ వాగు పేరే మనకు గుర్తు చేస్తోంది.

ఊరి కట్టుబాట్లు

రాజ్యాలు మారినా ఊళ్లలో నీళ్లకు కట్టుబాట్లు నిలిచాయి. మైదానపు ఊళ్లలో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంత వదలాలి అన్నది అతని పని. కట్ట మీద కట్ట మైసమ్మ ఉండేది. ఆమె ముందు కట్టను తవ్వడానికి, పాడు చేయడానికి ఎవరికీ చెయ్యి ఆడేది కాదు. మన గూడేల్లో తాగడానికి వాగు ఇసుకలో చెలిమె తీసుకునేవాళ్లం. ఇసుక వడకట్టిన నీళ్లు అందులో ఊరతాయి. తాగేది ఎగువన, బట్టలు ఉతికేది కొంత దిగువన, పశువులు దిగేది ఇంకా దిగువన. దీన్ని ఎవరూ చట్టంగా రాయలేదు, కానీ ఇందులో ఒక శాస్త్రం ఉంది. ఒక్కో వాడకానికి ఒక్కో రకం నీళ్లు కావాలి, ఒక వాడకం ఇంకో దాన్ని చెడగొట్టకూడదు. నేటి ప్రభుత్వాల నీటి నాణ్యత విధానం అంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

చేతులు మారిన చెరువు

నిజాం కాలంలో అడవి మీద, భూమి మీద సర్కారు పట్టు బిగిసింది. జోడేఘాట్‌లో కొమురం భీము 1940లో ప్రాణమిచ్చాడు. ఆయన పోరాటాన్ని మనం జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలతో గుర్తుంచుకుంటాం. ఆ మూడింటిలో జల్ ముందుంది. సభల్లో జంగల్ గురించి, జమీన్ గురించి మాట్లాడినంతగా జల్ గురించి మనం మాట్లాడడం లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. 100 ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న చిన్న చెరువులు పంచాయతీరాజ్ కిందికి, అంతకంటే పెద్దవి నీటిపారుదల శాఖ కిందికి వెళ్లాయి. 1997లో రైతుల నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. దానిలోనూ పెత్తనం ఆయకట్టు రైతుదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది, పూడిక మట్టి పొలాలకు చేరింది. పూడిక తీస్తే చెరువు లోతు పెరుగుతుంది. కానీ ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయా, పిల్లలు ఈదడానికి పనికొస్తాయా అన్నది వేరే ప్రశ్న. దాన్ని అడగాల్సింది చెరువు పక్కన ఉండేవారు.

1996: మన చేతికి వచ్చిన చట్టం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చారు. చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, చేపల పెంపకం, తాగునీరు, పారిశుద్ధ్యం అందులో ఉన్నాయి. అయితే ఆ సవరణ షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించలేదు. మన పద్ధతులకు తగిన చట్టం కావాలని దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫారసు చేసింది. దాని ఫలితంగా 1996 డిసెంబరు 24న పెసా చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో దానికి తగిన చట్టం, 2011లో నిబంధనలు వచ్చాయి.

అందులో రెండు మాటలు ప్రతి యువకుడికీ, యువతికీ నోటికి రావాలి. ఒకటి: తన ఆచారాలను, సామూహిక వనరులను కాపాడుకునే సమర్థత ప్రతి గ్రామసభకూ ఉంది. రెండు: షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలి. లక్నవరం, పాకాల లాంటి పెద్ద చెరువులు నీటిపారుదల శాఖ చేతిలో ఉంటాయి. మన గూడెం పక్క కుంట, ఊట చెరువు మాత్రం చిన్న నీటి వనరులే. ఇక్కడ ఒక ముడి ఉంది. తగిన స్థాయి అంటే గ్రామమా, మండలమా, జిల్లానా అన్నది రాష్ట్రాలకు వదిలారు. ఊరు అడగకపోతే అధికారం పై స్థాయిలోనే ఆగిపోతుంది. అడిగే చోటు గ్రామసభ. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి.

నీళ్లకు కూడా తరగతులు ఉన్నాయి

1974లో జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను వాడకాన్ని బట్టి ఐదు తరగతులు చేసింది. ఏ అంటే క్రిమిసంహారం చేస్తే చాలు, తాగవచ్చు. బి అంటే స్నానానికి తగినవి. సి అంటే వడపోత, శుద్ధి, క్రిమిసంహారం అన్నీ చేశాకే తాగాలి. డి అంటే చేపలకు, అడవి జీవాలకు. ఇ అంటే సాగుకు, పరిశ్రమలకు. స్నానపు నీళ్లలో 100 మిల్లీలీటర్లకు కోలిఫామ్ బ్యాక్టీరియా 500కు మించకూడదు. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. మన పెద్దల ఎగువ, దిగువ కట్టుబాటునే ఇక్కడ అంకెల్లో రాశారు.

చెరువు ఎలా చెడుతుందో కూడా తెలుసుకోండి. ఇళ్ల మురుగు, పొలం ఎరువు చెరువులోకి చేరితే నాచు, గుర్రపు డెక్క పెరుగుతాయి. గుర్రపు డెక్క నీళ్లను కప్పేస్తే వెలుగు లోపలికి పోదు. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. రాత్రంతా ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి, తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. అది చూసి ఎవరో మందు కలిపారని గొడవలు పడతాం. చాలాసార్లు ఆ మందు మన మురుగే.

హాస్టల్ నడిపే మాలాంటి వారికి ఇది పాఠంలో విషయం మాత్రమే కాదు. వానలు మొదలయ్యాక నీళ్లలో తేడా వస్తే ఒకే వారంలో ఒక గది పిల్లలంతా వాంతులు, విరేచనాలతో పడుకుంటారు. చూడటానికి తేటగా ఉన్న నీళ్లలో కూడా క్రిములు ఉంటాయి. కన్ను చాలదు, పరీక్ష కావాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరిలో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడటం నేర్పాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో మీకు తెలుసా?

రెండు హెచ్చరికలు, ఒక దారి

హుస్సేన్‌సాగర్ 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన చెరువు. ఒకప్పుడు హైదరాబాదుకు తాగునీళ్లు ఇచ్చింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దానిలోకి నగరపు మురుగును తెచ్చాయి. తర్వాత శుద్ధి కేంద్రాలు కట్టారు, ఎంతో డబ్బు పెట్టారు. అయినా అది తాగే చెరువుగా మళ్లీ మారలేదు. చెడిన చెరువును బాగుచేయడం కంటే బాగున్న చెరువును చెడకుండా చూడటం చౌక.

రెండోది తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువులు. వాటి భూములను ఇళ్ల కోసం ఇచ్చారు. పౌరులు కోర్టుకు వెళ్లారు. చెరువులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ముందు కట్టడాలు వద్దంది. అప్పటికే లేచిన ఇళ్లు మాత్రం ఉండిపోయాయి. తీర్పు వచ్చేలోగా పోయిన నీళ్లు తిరిగి రావు.

దారి మేడారంలోనే ఉంది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది జంపన్న వాగులో దిగుతారు. లక్నవరం నుంచి వాగుకు నీళ్లు వదులుతారు. వాగు పొడవునా స్నానఘట్టాలు, నల్లాలు పెడతారు. తాగునీళ్లు వేరేగా ఇస్తారు. లోటుపాట్లు ఉంటాయి, అది వేరే మాట. కానీ అంత జనంలో కూడా స్నానానికి, తాగడానికి నీళ్లు వేరు చేయవచ్చని జాతర చూపిస్తోంది. 500 మంది ఉన్న ఊరు తన కుంటకు ఆ పని చేసుకోలేదా?

ఇప్పుడు మన చెరువులకు చుట్టాలు పెరుగుతున్నారు. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. లక్నవరం వేలాడే వంతెన చూడటానికి దూరం నుంచి వస్తున్నారు. వచ్చేవారి వల్ల మన పిల్లలకు పని దొరికితే సంతోషమే. వారు వదిలే ప్లాస్టిక్, మురుగు ఎటు పోవాలో ముందే తేల్చకపోతే మాత్రం పని కొన్నాళ్లు ఉంటుంది, మురుగు ఎప్పటికీ ఉంటుంది.

కాబట్టి ఈ ఏడాది మీరు చేయాల్సినవి నాలుగే. మీ ఊరి కుంటలు, చెరువుల పేర్లు, హద్దులు పెద్దలను అడిగి రాసుకోండి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీళ్లు పరీక్ష చేయించి ఫలితం పంచాయతీ గోడ మీద అంటించండి. ఏ చెరువు తాగడానికి, ఏది పశువులకు, ఏది చేపలకు అన్నది గ్రామసభలో తీర్మానం చేయించండి. చెరువు దగ్గర ఎవరు ఏ కట్టడం తలపెట్టినా, ముందు గ్రామసభకు రమ్మనండి. తీర్మానం మీద సంతకాలు పడ్డాక దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. రాసి పెట్టుకోని హక్కును మనం చాలాసార్లు పోగొట్టుకున్నాం.

కాకతీయుల శాసనాల్లో మనవాళ్ల పేర్లు లేవు. గ్రామసభ మినిట్స్ పుస్తకంలో ఉండవచ్చు. రాయడం వచ్చిన మొదటి తరాల్లో మీరూ ఉన్నారు.

జోహార్.