మల్లప్పకొండ కింది నల్లరాయి

బంగారుపేట నుంచి కుప్పం వైపు రైల్లో వస్తుంటే కామసముద్రం దాటాక బిసానత్తం, ఆ వెనకే గుడుపల్లె స్టేషన్లు తగులుతాయి. పెద్ద బండ్లు ఆగవు. కిటికీలోంచి చూసేవాళ్లకు రాళ్లగుట్టలు, టమాటా మళ్లు, రాగి చేలు తప్ప ఇంకేమీ కనబడదు. ఈ నేల కింద బంగారం ఉందంటే కొత్తవాళ్లు నవ్వుతారు. 2018లో కేజీఎఫ్ సినిమా వచ్చాక ఆ నవ్వు కాస్త తగ్గింది గానీ, వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ సినిమా గురించే. అందుకే మా గుడుపల్లె, రామకుప్పం మండలాల సంగతి మేమే చెప్పుకోవాలి.

కోలారు బంగారు గనుల చరిత్ర రాసేవాళ్లు మా ఊళ్లను ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "ఆ రాతిపట్టీకి దక్షిణపు కొస". మాట తప్పు కాదు. ఆ పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80 కిలోమీటర్లు సాగుతుంది. వెడల్పు మాత్రం చాలాచోట్ల 3 నుంచి 6 కిలోమీటర్లే. కర్ణాటకలో మొదలై మా చిత్తూరు జిల్లా మీదుగా తమిళనాడులోకి దిగిపోతుంది. మూడు రాష్ట్రాల సరిహద్దులు నిన్నమొన్న గీసుకున్నవి, రాయి వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు.

అప్పట్లో ఇక్కడ సముద్రం. దాని అడుగున నేల పగిలి లావా పొంగింది. నీళ్లలో చల్లారి నల్లటి బసాల్టు రాయి అయింది. కేజీఎఫ్ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) పక్కనున్న పెద్దపల్లి దగ్గర అగ్నిపర్వతం చిమ్మిన రాతి ముక్కలు గట్టిపడి అలాగే మిగిలాయి. వాటిని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. కుప్పం నుంచి తిరుపతికీ తిరువణ్ణామలైకీ బస్సులు కట్టుకుని పోయేవాళ్లం, ఇంత దగ్గరున్న ఆ రాళ్లను చూసి వచ్చినవాళ్లు మాలో ఎందరు? ఆ బసాల్టు తర్వాత లోతుకు దిగి, వేడికీ ఒత్తిడికీ గుణం మార్చుకుంది. దాన్నే ఇప్పుడు యాంఫిబొలైట్ అంటున్నారు. బావులు తవ్వేటప్పుడు సుత్తి వేస్తే ఖంగుమని మోగే నల్లరాయి అదే.

పట్టీకి తూర్పువైపున్న నల్లరాయి, పడమటివైపున్న నల్లరాయి పైకి ఒకలాగే ఉంటాయి. రసాయన పరీక్షల్లో మాత్రం రెండూ వేర్వేరు చోట్ల పుట్టినట్టు తేలింది. ఎక్కడో పుట్టిన రెండు నేలలు దగ్గరికొచ్చి, ఢీకొని, ఒకదానికొకటి అతుక్కున్నాయన్నమాట. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటే భూఫలకాలు కదిలేవనడానికి కోలారు పట్టీని సాక్ష్యంగా చూపిస్తూ 1989లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. భూమి చరిత్రలో అంత పాత సంగతికి సాక్ష్యం చెప్పిన రాయి మా పొలంగట్ల మీద పడి ఉంది. నా మట్టుకు నాకు బంగారం కన్నా ఇదే పెద్ద కబురు.

ఇక బంగారం. నేలలు ఢీకొన్నప్పుడు రాయి నిలువునా చీలి నలిగింది. ఆ చీలికల వెంట లోతునుంచి వేడినీళ్లు ఎగదన్నాయి. ఆ నీళ్లలో గంధకం ఉంది, దాన్ని పట్టుకుని కరిగిన బంగారం ఉంది. నల్లరాతిలో ఇనుము ఎక్కువ. గంధకం పోయి ఇనుముతో చేరి పైరైటు, పైరోటైటు లాంటి ఖనిజాలుగా గట్టిపడింది. తోడు పోయిన బంగారం కరిగి ఉండలేక అక్కడికక్కడే రాలిపోయింది. ఇనుప పొరలున్న రాళ్లలో కూడా బంగారం దొరికేది ఇందుకే. మల్లప్పకొండలో జరిగింది అదే. దేవుడి కొండగా మేం ఎక్కే ఆ కొండ కింద ఇనుపరాతి చారల్లో గంధకపు ఖనిజాలు, వాటిలో బంగారం ఉన్నాయి. చిగరగుంటలో నల్లరాయికీ, పక్కనున్న ఛాంపియన్ నైస్ అనే రాతికీ నడుమ నలిగిన అంచుల్లో బంగారం పట్టింది.

కోలారు గనుల చోటు పట్నమై, మా వైపు ఊళ్లు ఊళ్లుగానే ఎందుకు మిగిలాయో కూడా రాయే చెబుతుంది. అక్కడి ఛాంపియన్ రీఫు పలుగురాయి. అందులో బంగారం కంటికి ఆనేంత విడిగా ఉండేది. 1802లో మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్, ఉరిగాం, మారికుప్పం పరిసరాల్లో జనం మట్టి కడిగి బంగారు రజను తీయడం చూశాడు. ఆయన రాసిన కాగితం డెబ్బై ఏళ్ల తర్వాత ఐర్లాండు సిపాయి మైకేల్ లావెల్ చేతికి చిక్కింది, లావెల్ గని తవ్వే అనుమతి సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. 1902కల్లా శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. గని 3 కిలోమీటర్ల లోతు దాటి పోయింది, మొత్తంమీద 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చింది. మా వైపు బంగారం ఎక్కువభాగం గంధకపు ఖనిజాల్లో సన్నగా దాగి ఉంది. చేట పట్టుకుని వాగులో కూర్చుంటే దొరికే సరుకు కాదు.

అయినా కోలారు గనుల కూలి చరిత్రలో మా వాళ్లు లేకపోలేదు. పాత లెక్కల్లో కూలీల సొంత జిల్లా అని ఉత్తర ఆర్కాటు పేరు పదేపదే వస్తుంది. చదివేవాళ్లు వాళ్లందరినీ తమిళులనుకుంటారు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకు ముందు కుప్పం కేంద్రంగా ఉన్న కంగుంది జమీందారీ కూడా ఆ ఉత్తర ఆర్కాటులోదే. ఆ ఒక్క పేరు కింద ఎన్ని తెలుగు పల్లెలు కలిసిపోయాయో ఎవరూ విడదీసి చూడలేదు.

మా నేలలో అసలు వెతుకులాట స్వాతంత్ర్యం వచ్చాకే గట్టిగా సాగింది. తుప్పురంగు తేలిన రాతి చారలు ఎక్కడున్నాయో నడిచి చూడటం, వాటికి అడ్డంగా కాలవలు తవ్వి గుప్పెళ్లకొద్దీ నమూనాలు ఎత్తడం, ఆ తర్వాత డ్రిల్లింగ్. నీళ్ల బోరు రాతిని పిండిచేసి పైకి ఊదుతుంది. ఈ డ్రిల్లింగ్‌కు వాడే వజ్రపు బిట్టు రాతిని గుండ్రటి కడ్డీలా కోసి చెక్కుచెదరకుండా పైకి తెస్తుంది. ఆ కడ్డీని (కోర్) లోతు వరుసన పెట్టెల్లో పేర్చి, నిలువునా కోసి, సగం పరీక్షకు పంపి, సగం దాచిపెడతారు. ఎంత లోతులో ఏ రాయి, టన్నుకు ఎన్ని గ్రాములు అన్నది అప్పుడు తెలుస్తుంది. బిసానత్తం, మల్లప్పకొండ, చిగరగుంట ఇలా లెక్కకొచ్చినవే. ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ మా వైపు గనులు నడిపింది. ఆ సంస్థ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది, అప్పటికల్లా మావీ మూతపడ్డాయి.

తర్వాత చిగరగుంట–బిసానత్తం బ్లాకును వేలం వేస్తే ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది. సుమారు 263 హెక్టార్లు, 18 లక్షల టన్నులకు పైగా రాయి, టన్నుకు 5 గ్రాముల పైచిలుకు బంగారం అని లెక్క. గుణిస్తే 9 టన్నుల చిల్లర. ఇది విని మా కుర్రాళ్లు రెండో కేజీఎఫ్ వస్తుందని మురిసిపోతున్నారు. కోలారు ఇచ్చినదానిలో ఇది నూటికి ఒక వంతు చుట్టుపక్కల ఉంటుంది, అంతే. ఉద్యోగాలు కొన్ని వస్తాయి, ఊరు మారిపోదు.

మారేది ఇంకొకటి ఉంది, దాని గురించే ఎవరూ మాట్లాడరు. టన్ను రాయిలో 5 గ్రాములు తీస్తే మిగతా రాయంతా పిండిగా పక్కన పడుతుంది. కేజీఎఫ్‌లో అలా పేరుకున్న సైనైడు దిబ్బల మట్టి 3 కోట్ల టన్నుల పైమాటే. ఎండాకాలపు గాలికి ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. పైగా మాది పాలారు నది నీళ్లకు మొహం వాచిన ప్రాంతం. గంధకపు రాయిని పగలగొట్టి ఎండకూ వానకూ వదిలేస్తే అందులోంచి ఆమ్లం ఊరుతుంది, ఆర్సెనిక్ ఉంటే అదీ కరుగుతుంది. కాబట్టి పనులు మొదలయ్యేలోపే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు పరీక్షించి ఆ అంకెలు పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. తర్వాత తేడా వస్తే చూపించడానికి మా చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఇంకో మాట మా ఊళ్లవాళ్లకు. గనిలో పనిచేసిన పెద్దవాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. మీ ఇళ్లలో పాత జీతం చీటీలు, గని గుర్తింపు బిళ్లలు, ఫొటోలు, తెచ్చిపెట్టుకున్న రాతిముక్కలు ఉంటే పాతసామాన్ల వాడికి వేయకండి. మీ ఊరి హైస్కూలు మాస్టారికి చూపించండి, ఎవరిది, ఏ షాఫ్టు, ఏ ఏడు అన్నది చీటీ మీద రాయించి పెట్టండి.