నవ్వు ఎవరిది? గొంతు ఎవరిది?

మేం నోరు తెరిస్తే చాలు, ఎదుటివాళ్ల మొహం మీద నవ్వు సిద్ధంగా ఉంటుంది. పాతబస్తీ దాటి కోఠీలోనో అబిడ్స్‌లోనో తెలుగులో రెండు ముక్కలు మాట్లాడినా అంతే. మా తెలుగులో ఉర్దూ యాస ఉందని తెలుగువాళ్లు నవ్వుతారు. మా ఉర్దూలో దక్కనీ యాస ఉందని లక్నో వాళ్లు నవ్వుతారు. నొచ్చుకుంటే, 'సరదాకే కదా సాయిబూ, ఎందుకంత ఉలుకు' అంటారు. ఈ సరదా ఎవరి చేతుల్లో, ఎట్లా తయారవుతుందో చెప్పడానికి ఒక బొమ్మల సీరియల్ చరిత్ర ఎత్తుకుంటున్నాం. అది అమెరికాది. కానీ దాన్ని నిలదీసింది ఒక తెలుగింటి బిడ్డ.

'ది సింప్సన్స్' 1989 డిసెంబర్‌లో అమెరికా టీవీలో మొదలైంది. ఒక మామూలు కుటుంబం చుట్టూ అల్లిన హాస్యం. బొమ్మల సీరియల్ తయారయ్యే పద్ధతి వేరు. రచయితలు రాసినదాన్ని నటులు బల్ల చుట్టూ కూర్చుని పైకి చదువుతారు. నవ్వు ఎక్కడ పుట్టిందో, ఎక్కడ చప్పబడిందో చూసి దిద్దుకుంటారు. గొంతులు రికార్డయ్యాక, వాటికి తగ్గట్టు బొమ్మలు కదిలిస్తారు. ఆ బొమ్మల పని చాలావరకు దక్షిణ కొరియాలో జరిగేది. అంటే అక్కడ బొమ్మ కన్నా ముందు గొంతు పుడుతుంది.

1990 ఫిబ్రవరి 25న వచ్చిన 'ది టెల్‌టేల్ హెడ్' ఎపిసోడ్‌లో అపు అనే భారతీయ కొట్టువాడు తొలిసారి కనిపించాడు. కొట్టులో కూర్చునేవాణ్ణి భారతీయుడిగా చూపడం అరిగిపోయిన మూస, వద్దు అనే మొదట అనుకున్నామని రచయితల్లో ఒకరైన మైక్ రీస్ తర్వాత చెప్పాడు. కానీ హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు ఆ మాటను భారతీయ యాసలో చదివాడు. గది ఘొల్లుమంది. పాత్ర ఖాయమైంది. పేరేమో సత్యజిత్ రాయ్ సినిమాల అపుది. యాస మాత్రం 1968 నాటి 'ది పార్టీ'లో పీటర్ సెల్లర్స్ అనే ఇంగ్లీషు నటుడు వేసిన భారతీయ వేషానిది. నకలుకు నకలు. నవ్విన ఆ గదిలో 'మా నాన్న అట్లా మాట్లాడడు' అనగలిగినవాడు లేడు.

న్యూయార్క్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన హాస్యకారుడు హరి కొండబోలు ఆ మాట అన్నాడు. ఒక తెల్లవాడు ఇంకో తెల్లవాణ్ణి అనుకరిస్తూ తన తండ్రిని వెక్కిరించినట్టుందన్నాడు. 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. 2018 ఏప్రిల్‌లో ఆ సీరియల్ ఒక ఎపిసోడ్‌లోనే జవాబిచ్చింది: అప్పుడు అందరూ మెచ్చిందే ఇప్పుడు తప్పయింది, ఏం చేయగలం అని చేతులు దులుపుకుంది. చివరికి 2020 జనవరిలో అజారియా ఆ గొంతు ఇక ఇవ్వనన్నాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లవాళ్లు కానివారి పాత్రలకు తెల్ల నటులతో గొంతు ఇప్పించబోమని సీరియల్ వాళ్లు ప్రకటించారు. ముప్పై ఏళ్లు పట్టింది.

అపు గురించి చెబితే తెలుగు మిత్రులకు కోపం వస్తుంది. రావాలి. మరి మా సంగతి? తెలుగు సినిమా మాతో 'నీకీ, నాకీ' అని దీర్ఘాలు తీయించింది. లుంగీ కట్టించి, తాయెత్తు వేసి, హీరో కోసం ప్రాణమిచ్చే రహీం చాచాను చేసింది. లేదంటే బాంబు పెట్టేవాణ్ణి చేసింది. ఆ మాటలు రాసినవాళ్లలో మా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తిన్నవాళ్లు ఎందరు? వెక్కిరింతకు దొరికిన ఈ జబానులోనే, 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం రాశాడు. మా 'నక్కో', మా 'హౌ' నిన్న మొన్న పుట్టినవి కావు.

2005లో కుంట నిఖిల్ 'ది అంగ్రేజ్' తీశాడు. అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకూ, చార్మినార్ కాడ చాయ్ తాగుతూ కూర్చునే ఇస్మాయిల్ భాయ్ బృందానికీ మధ్య తగాదా. తెర మీద మా గల్లీ మాట అచ్చంగా వినబడింది. మేం కడుపుబ్బ నవ్వాం. ఇస్మాయిల్ భాయ్ వేషం వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. మా మతంవాడు కాదు. అయినా ఆ గొంతు మాదే అనిపించింది. పైనుంచి చూసి వెక్కిరించలేదు, లోపలి నుంచి పలికాడు. మస్త్ అలీ, అజీజ్ నాసర్ అతని పక్కన నిలబడ్డారు. కనుక మేం నటుడి మతం అడగడం లేదు.

అయినా ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఆ సినిమాలో కొలువులు చేసేవాళ్లు అమెరికా కుర్రాళ్లు. పనీపాటా లేకుండా కూర్చున్నవాళ్లం మేం. లాడ్‌బజార్‌లో లాఖ్ కరిగించి గాజులు చేసేవాళ్లు, ఇంట్లో కూర్చుని జరీ పని చేసే ఆడవాళ్లు, ఆటో నడిపి బిడ్డను డాక్టరు చదివించే అబ్బాజాన్లు ఆ చాయ్ హోటల్ బెంచీ మీదికి రారు. ఒక్క ఇస్మాయిల్ భాయ్ ఉంటే తప్పు లేదు. ఇస్మాయిల్ భాయ్ ఒక్కడే ఉండటం తప్పు. అపు విషయంలో జరిగిందీ ఇదే.

మేం నవ్వొద్దనడం లేదు. మా మీద మేం నవ్వుకున్నంతగా మీరు నవ్వలేరు. మాట రాసి, చదివి, దిద్దే ఆ బల్ల దగ్గర మాకూ ఒక కుర్చీ వేయమంటున్నాం. ఆ గదిలో మేమూ ఉంటే, ఏ నవ్వు ఎవరికి తగులుతుందో అప్పుడే అక్కడే చెబుతాం. ముప్పై ఏళ్లు ఆగనక్కర్లేదు.