గీత మారితే పన్ను మారింది
(నడిగడ్డ దారిలో పాత కార్ల రాకపోకలు, ఒక చారిత్రక పరిశీలన)

మన సంఘం ప్రత్యేక సంచికకు స్థానిక చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. కోటల గురించీ, సంస్థానాల గురించీ వ్రాయగల పెద్దలు మనలోనే ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా ట్రెజరీలో చలానాలు చూసినవాణ్ణి కనుక, నాకు తెలిసిన దారిలోనే ఒక చిన్న విషయాన్ని ఎత్తుకుంటున్నాను. పొరుగు రాష్ట్రంలో వాడిన కారును మన గద్వాలకో, వనపర్తికో, నాగర్‌కర్నూలుకో తెచ్చుకుంటే కట్టవలసి వచ్చే పన్ను సంగతి అది. చూడడానికి ఇది చరిత్రలా కనిపించదు. కాని మన ప్రాంతంలో ఏది “పొరుగు” అన్నది మూడు నాలుగు సార్లు మారింది గనుక, ఈ పన్ను వెనుక చరిత్ర చాలానే ఉంది.

ముందు మన నేల సంగతి చూద్దాం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపూరు తాలూకాలను మనం నడిగడ్డ అంటాము. నిజాం కాలంలోనూ, ఆ తరువాత హైదరాబాదు రాష్ట్రంలోనూ ఈ రెండు తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. వనపర్తి, నాగర్‌కర్నూలు మాత్రం మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన చట్టం అమలులోకి వచ్చినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. గద్వాల, ఆలంపూరు తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్ తాలూకా వచ్చి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి. తాలూకా కచ్చేరిలో పనిచేసిన మా నాన్నగారు చెప్పేవారు: కచ్చేరి అదే, కుర్చీలు అవే, గుమాస్తాలు చాలావరకు వాళ్ళే, కాని రాయచూరుకు వెళ్ళవలసిన తపాలా మహబూబ్‌నగరుకు వెళ్ళసాగిందట. అప్పటిదాకా జిల్లా కేంద్రమైన ఊరు ఆనాటి నుంచి పరాయి రాష్ట్రంలోని ఊరయింది.

దక్షిణాన కథ మరొక రకం. తుంగభద్రకు ఆవల ఉన్న కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. ఈవల ఆలంపూరు నిజాం రాజ్యం. నిజాం రాజ్యానికి సొంత నాణెం, సొంత సుంకాల శాఖ ఉండేవి. ఆ సుంకాన్ని కరోడ్‌గిరి అనేవారు. 1802లో కంపెనీతో జరిగిన వాణిజ్య ఒప్పందం ప్రకారం సరుకు విలువ మీద నూటికి అయిదు వంతున సుంకం నిర్ణయమయింది. అంటే నది దాటి సరుకు తేవాలంటే నాకా దగ్గర ఆగి లెక్క చెప్పవలసిందే. 1950లో ఆర్థిక విలీనం జరిగిన తరువాత ఈ లోపలి సుంకం క్రమంగా తొలగిపోయింది.

1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. 1956లో ఆలంపూరూ కర్నూలూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. 2014 జూన్ 2న మళ్ళీ వేరయ్యాయి. అటు రాయచూరు దూరమైన రోజునే ఇటు కర్నూలు దగ్గరయింది. యాభై ఎనిమిదేళ్ళ తరువాత అదీ పరాయి రాష్ట్రమయింది. ఈ మార్పులన్నీ చూసిన పెద్దలు మన సభ్యులలో ఇంకా కొందరు ఉన్నారు.

ఇక బండి సంగతి. బ్రిటిషు ఇండియాలో మోటారు వాహనాలకు మొదటి దేశవ్యాప్త చట్టం 1914లో వచ్చింది, తరువాత 1939 చట్టం వచ్చింది. మన హైదరాబాదు రాజ్యంలో 1932లో రైల్వే శాఖ ఆధ్వర్యంలో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలయింది. సొంత కార్లు ఆ రోజులలో సంస్థానాధీశుల ఇళ్ళలోనూ పెద్ద అధికారుల ఇళ్ళలోనూ తప్ప కనిపించేవి కావు.

రాజ్యాంగం వచ్చాక వాహనాల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు దక్కింది. ఏడవ షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 57వ అంశం అది. ఆ పన్నుకు సూత్రాలు నిర్ణయించే అధికారం మాత్రం ఉమ్మడి జాబితాలో 35వ అంశం కింద కేంద్రానికీ ఉంది. మరోవైపు 301వ అధికరణం దేశమంతటా వర్తకానికీ రాకపోకలకూ స్వేచ్ఛ ఉండాలని చెబుతుంది. ఈ రెంటికీ పొత్తు ఎట్లా కుదరాలన్న వాదం సుప్రీంకోర్టుకు చాలా సార్లు వెళ్ళింది. రోడ్ల వంటి సౌకర్యాలకు ప్రతిఫలంగా తీసుకునే పన్ను ఆ స్వేచ్ఛకు అడ్డు కాదని 1962లో రాజస్థాన్ మోటారు వాహనాల కేసులో తీర్పు వచ్చింది. 2016లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో ఆ ప్రతిఫల సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, వివక్ష చూపే పన్ను మాత్రమే చెల్లదని చెప్పింది.

మన ఉమ్మడి రాష్ట్రంలో 1963 నాటి మోటారు వాహనాల పన్నుల చట్టం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల రెంటికీ కలిపి ఒకే చట్టమయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కార్లకు మూడు నెలల పన్ను పద్ధతి ఉండేది. త్రైమాసికం మొదట్లో చలానాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఆ పద్ధతిలో బండి రాష్ట్రం మారినా యజమానికి పెద్ద నష్టం లేదు. వచ్చే త్రైమాసికం నుంచి కొత్త చోట కడితే సరిపోయేది. తరువాత సొంత వాహనాలకు జీవితకాల పన్ను వచ్చింది. ఒకేసారి కట్టి నిశ్చింతగా ఉండవచ్చని అందరమూ సంతోషించాము. అయితే చిక్కు అక్కడే మొదలయింది. జీవితకాలమన్నది బండి జీవితకాలమే అయినా, ఆ పన్ను చెల్లేది కట్టిన రాష్ట్రం వరకే. రాయచూరులో జీవితకాల పన్ను కట్టిన కారు గద్వాలకు మకాం మారిస్తే ఇక్కడ మళ్ళీ పన్ను కట్టాలి.

1996లో ఉమ్మడి రాష్ట్రం మరొక చట్టం చేసి, బయట కొని తెచ్చిన మోటారు వాహనాలపై ప్రవేశ పన్ను కూడా విధించింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు ప్రవేశ పన్నులు అందులో కలిసిపోయాయి. వాహన పన్ను మాత్రం కలవలేదు, రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయింది. 2022లో తెలంగాణలో రేట్లు సవరించినప్పుడు కొత్త కార్లకు ధరను బట్టి 13 శాతం మొదలుకొని 18 శాతం వరకు నిర్ణయించారు. పాత కారుకు వయసు పెరిగిన కొద్దీ ఈ శాతం తగ్గుతుంది.

మన సభ్యులొకరి అనుభవం ఇక్కడ చెప్పాలి, పేరు అవసరం లేదు. వారి అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ విదేశానికి వెళుతూ, అయిదేళ్ళు వాడిన కారును తండ్రి కోసం వనపర్తికి పంపించాడు. ఆసుపత్రికి వెళ్ళి రావడానికి పనికివస్తుందని ఆ దంపతులు సంతోషించారు. రెండేళ్ళు గడిచాక తనిఖీలో ఆపి పన్నూ జరిమానా కట్టమన్నారు. నెలసరి పెన్షను మీద బ్రతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కమ్యుటేషను డబ్బులో మనవరాలి చదువుకని దాచినది అటు వెళ్ళింది. అప్పటికి అబ్బాయి దేశంలో లేడు, సంతకాలకు నెలలు పట్టింది. బెంగుళూరులో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చునని వారికి ఎవరూ చెప్పలేదు.

చట్టం చెప్పేది కష్టమైనదేమీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాని 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. 48వ సెక్షను ప్రకారం పాత చోటి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. కనుక శ్రీశైలం యాత్రకు వెళ్ళి వచ్చినందుకో, రాయచూరు పెళ్ళికి వెళ్ళినందుకో కొత్త నంబరు అక్కరలేదు. మకాం మారినప్పుడే ఈ బాధ్యత వస్తుంది.

సరిహద్దు మారినప్పుడు నంబరు పలకలూ మారుతూ వచ్చాయి. మహబూబ్‌నగర్ జిల్లా బండ్లకు ఏపీ 22 ఉండేది. రాష్ట్రం ఏర్పడ్డాక టీఎస్ 06 అయింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాక నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. 2014లో పాత ఏపీ బండ్లన్నీ నంబరు మార్చుకోవాలన్న ప్రతిపాదన వచ్చి చాలామందిని కలవరపెట్టింది గాని అది అమలుకు రాలేదు. అందుకే ఏపీ 22 పలకతో ఉన్న పాత బండి ఈనాటికీ గద్వాలలో స్థానికమే. అదే 2014 తరువాత కర్నూలులో రిజిస్టరైన కారును ఇక్కడికి మకాం మారిస్తే అది బయటి బండి.

ఇటీవలి కాలంలో గీతలకు తోడు పొగ లెక్క కూడా వచ్చి చేరింది. పదిహేనేళ్ళు దాటిన సొంత వాహనాలకు ఉమ్మడి రాష్ట్ర కాలంలోనే హరిత పన్ను మొదలయింది. బి.ఎస్. నాలుగు ప్రమాణాలు 2017 ఏప్రిల్ నుంచి, బి.ఎస్. ఆరు 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదన్న ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తరువాత 2025లో ఆ ఆంక్షలు కొంత సడలినాయి. ఈ కారణంగా ఢిల్లీ కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి రాసాగాయి. ధర చూసి మురిసిపోయే ముందు మరొక లెక్క చూడాలి. పదిహేనేళ్ళు నిండిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము అంతకుముందు 600 రూపాయలుండగా, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో దానిని 10,000 చేశారు. మరోవైపు విద్యుత్తు వాహనాలకు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు పన్ను మినహాయింపు ప్రకటించింది.

ఈ బాధ మనకొక్కరికే ఉందనుకోనక్కరలేదు. మన పెన్షనర్ల పిల్లలు కొందరు ఐర్లండులో స్థిరపడ్డారు. 1993లో ఐర్లండు వాహన రిజిస్ట్రేషను పన్ను పెట్టింది. 2008 జూలై నుంచి దానిని ఇంజను పరిమాణాన్ని బట్టి కాక, కారు వదిలే బొగ్గుపులుసు వాయువును బట్టి లెక్కిస్తున్నారు. 2020 నుంచి నత్రజని ఆక్సైడ్ల లెక్క కూడా చేరింది. ఇంగ్లండు నుంచి పాత కార్లు తెచ్చుకోవడం అక్కడ మామూలు. 2021 జనవరి 1న బ్రిటను యూరపు కూటమి ఏర్పాటు నుంచి పూర్తిగా బయటపడడంతో ఆ పాత కార్లకు సుంకమూ విలువ ఆధారిత పన్నూ అదనంగా వచ్చిపడ్డాయి. రాయచూరు విషయంలో మనకు 1956లో జరిగినదే అక్కడ వారికి ఆ రోజున జరిగింది.

అయితే యూరపు న్యాయస్థానం 1995లో పోర్చుగలుకు సంబంధించిన ఒక కేసులో ఒక సూత్రం చెప్పింది. బయటి నుంచి తెచ్చిన పాత కారు మీద వేసే పన్ను, అటువంటి స్థానిక పాత కారు ధరలో ఇంకా మిగిలి ఉన్న పన్నును మించరాదు. మన రాష్ట్రాలు వయసును బట్టి శాతం తగ్గించడంలో ఈ న్యాయం కొంత ఉంది. లోటు ఎక్కడంటే, కొత్త రాష్ట్రం ముందుగా పన్ను తీసుకుంటుంది, పాత రాష్ట్రం నుంచి వాపసు మాత్రం యజమానే తిరిగి తిరిగి తెచ్చుకోవాలి. ఈ రెండు లెక్కలూ రాష్ట్రాలే తమలో తాము సర్దుకుంటే డెబ్బయి ఏళ్ళ వయసులో మనం రెండు ఊళ్ళ కార్యాలయాల మెట్లు ఎక్కే పని తప్పుతుంది. మన సంఘం ఇతర సంఘాలతో కలిసి ఈ విషయంపై ఒక వినతిపత్రం సమర్పిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

అందాకా సభ్యులు గుర్తుంచుకోవలసినవి కొన్ని. కారు తెచ్చే ముందే 28వ నమూనాలో నిరభ్యంతర పత్రం, యజమాని మారితే 29, 30 నమూనాల మీద సంతకాలు, బ్యాంకు అప్పు ఉండి ఉంటే అది తీరినట్లు 35వ నమూనా తీసుకోవాలి. కొత్త నంబరుకు దరఖాస్తు 27వ నమూనా. భీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులో ఉండాలి. పాత రాష్ట్రంలో పన్ను కట్టిన రశీదు పారవేయకూడదు, వాపసుకు అదే ఆధారం. పిల్లలు విదేశాలకు వెళ్ళే ముందే వారి సంతకాలు తీసుకోవాలి. కారు ధరకు ఇక్కడి పన్నును కలిపి చూసుకున్నాకే చవకో కాదో తేల్చుకోవాలి.

2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం రవాణా శాఖ తనిఖీ కేంద్రాలను ఎత్తివేసింది. నిజాం కాలపు నాకాల నుంచి చూస్తే ఇది పెద్ద మార్పే. కాని దారిలో ఆపేవారు లేరు గదా అని నిశ్చింతగా ఉండరాదు. బండి వివరాలన్నీ ఇప్పుడు కంప్యూటరులోనే ఉన్నాయి, పన్నెండు నెలల నిబంధన చట్టంలో అట్లాగే ఉంది. సభ్యులలో ఎవరికైనా ఈ కాగితాల విషయంలో సందేహముంటే నెలవారీ సమావేశానికి రశీదులు వెంట తెచ్చుకొనవలసినదిగా మనవి. నాకు తెలిసినంతవరకు కూర్చుని చూసిపెడతాను.