కాపలా నుండి సంతకం దాకా: భారతదేశంలో మానసిక ఆరోగ్య నర్సు వృత్తిసామర్థ్యాల చరిత్ర

వ్యాససంగ్రహం:
మానసిక చికిత్సాలయాల చరిత్రను సాధారణంగా చట్టాల చరిత్రగానో, వైద్యుల చరిత్రగానో రాస్తారు. రోగి పక్కన ఎక్కువసేపు గడిపే నర్సు అందులో అరుదుగా కనిపిస్తుంది. నర్సుకు ఏమేమి తెలిసి ఉండాలన్న విషయంపై అభిప్రాయాలు 19వ శతాబ్దం నుండి నేటిదాకా ఎలా మారాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2017 నాటి చట్టం నర్సుకు కల్పించిన గుర్తింపుకూ, అందుకు కావలసిన శిక్షణకూ మధ్య ఉన్న అంతరాన్ని చర్చిస్తుంది. ఈ సామర్థ్యాలలో రోగి భాషకు ఉన్న స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: మానసిక ఆరోగ్యం, నర్సింగ్ చరిత్ర, వృత్తిసామర్థ్యం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగి భాష.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారి వాడుకలో ‘ఎర్రగడ్డ’, ‘విశాఖ’ అన్న స్థలనామాలకు ఊరి పేరును మించిన అర్థం ఒకటి ఉంది. “వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి” అన్న మాట వినని తెలుగువారు తక్కువ. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఇలా ఎగతాళి మాటలుగా జనం నోట స్థిరపడ్డాయి. ‘పిచ్చాసుపత్రి’ అనగానే గోడలు, గొలుసులు, కరెంటు షాకు, డాక్టరు స్ఫురిస్తాయి. నర్సు మాత్రం స్ఫురించదు. రాత్రి నిద్రపట్టని రోగి మొదట పిలిచేది నర్సునే అయినా, ఆ పని గురించి మన భాషలో చర్చ చాలా తక్కువ. ఈ లోటును గుర్తించి చేసిన పరిశీలన ఇది.

2. కాపలాయే సామర్థ్యమైన కాలం:
1858లో వలసపాలకులు ఉన్మాదాలయాల నిర్వహణకు చట్టాలు చేశారు. ఆ తరువాత 1870ల నాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు, వాల్తేరు, కాలికట్ ఉన్మాదాలయాలు పనిచేయసాగాయి. నేటి విశాఖ ఆసుపత్రికి మూలం ఆ వాల్తేరు ఉన్మాదాలయమే. అటువంటి సంస్థలలో రోగులను కనిపెట్టుకొని ఉన్నవారు అటెండెంట్లు, వార్డర్లు. తాళాలు భద్రంగా ఉంచడం, తలలు లెక్కపెట్టడం, స్నానం చేయించడం, అన్నం పెట్టడం, పారిపోకుండా చూడడం వారి విధులు. దేహబలం, విధేయత ఉంటే ఆ ఉద్యోగానికి చాలు. ‘వార్డర్’ అన్న మాట జైలులోనూ ఉన్మాదాలయంలోనూ ఒకటే కావడం గమనార్హం.

ఈ స్థితిలో మార్పు మొదట పాశ్చాత్యదేశాలలో వచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మెక్‌లీన్ ఉన్మాదాలయం 1882లో నర్సుల శిక్షణాలయాన్ని ప్రారంభించింది. బ్రిటన్‌లో 1885లో అటెండెంట్ల శిక్షణకోసం ఒక కరదీపిక వెలువడింది. 1891 నుండి వారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రాలు ఇచ్చారు. ఉన్మాదాలయంలో పనిచేయడానికి చదువు కావాలన్న భావన అప్పుడు రూపుదిద్దుకొంది. అయితే ఆ చదువు వైద్యుని ఆజ్ఞను సక్రమంగా అమలుపరచడానికి ఉద్దేశించినదే.

భారతదేశంలో 1912 చట్టం తరువాత, 1920లలో ‘ఉన్మాదాలయం’ పోయి ‘మానసిక వైద్యశాల’ అన్న పేరు వచ్చింది. పేరు మారినంత వేగంగా పని మారలేదు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద మానసిక రోగులకు ఉన్న పడకలు సుమారు 10,000. అంటే దాదాపు 40,000 మందికి ఒక పడక. ఇంగ్లండులో అప్పటికి 300 మందికి ఒక పడక ఉంది. కిక్కిరిసిన వార్డులో పరిచర్య మళ్ళీ తలల లెక్కగానే మిగులుతుంది.

3. మాట చికిత్సలో భాగమైన కాలం:
నర్సు సామర్థ్యాన్ని కొత్తగా నిర్వచించిన వ్యక్తి అమెరికన్ నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సాసాధనమని ఆమె 1952లో వెలువడిన గ్రంథంలో ప్రతిపాదించింది. అపరిచితులుగా మొదలైన ఇద్దరు క్రమంగా ఒక సమస్యపై కలిసి పనిచేసి, చివరకు రోగి నర్సు అవసరం లేకుండా నిలబడగలగడం ఆ సంబంధపు గమ్యం. ఆ గ్రంథం కొన్నేళ్ళ ముందే సిద్ధమైనా, వైద్యుడొకరు సహరచయితగా లేకపోవడంవల్ల ప్రచురణ ఆలస్యమైందని నర్సింగ్ చరిత్రకారులు చెబుతారు. వినడాన్ని శాస్త్రంగా నిరూపించిన నర్సుకు కూడా తన మాట వినిపించడానికి మరొకరి పేరు అవసరమైన కాలమది.

అదే దశాబ్దంలో క్లోర్‌ప్రొమజైన్ వంటి ఔషధాలు వాడుకలోకి వచ్చాయి. మందు మింగించడంతోపాటు, రోగి నడకలో బిగువు, చేతుల్లో వణుకు, నిలకడలేనితనం వంటి దుష్ఫలితాలను మొదట గమనించవలసిన బాధ్యత నర్సుపై పడింది. ఆ విధంగా సంభాషణ, పరిశీలన అన్నవి రెండు ప్రధాన సామర్థ్యాలయ్యాయి.

మనదేశంలో 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. నేటి నిమ్‌హాన్స్‌కు అదే పూర్వరూపం. మానసిక నర్సింగ్‌లో డిప్లొమా శిక్షణ అక్కడ ఆ దశాబ్దంలోనే మొదలైంది. తరువాతి కాలంలో సాధారణ నర్సింగ్ పాఠ్యప్రణాళికలలోనూ ఈ విషయానికి చోటు దక్కింది.

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ ‘నర్స్ ప్రాక్టీషనర్’ శిక్షణను ప్రారంభించారు. ఉన్నతశిక్షణ పొందిన నర్సు రోగిని తానే పరీక్షించి, నిర్ధారించి, చికిత్స నిర్ణయించగలగడం ఈ భావనకు మూలం. అది మొదట శిశువైద్యంలో పుట్టి, తరువాత మానసిక ఆరోగ్యానికీ విస్తరించింది.

4. చట్టంలో నర్సు:
1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయ్యాయి. జిల్లా కార్యక్రమానికి ఎంపికైన తొలి నాలుగు జిల్లాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. చికిత్స గోడ దాటి ఊరికి రావాలన్నది ఈ కార్యక్రమాల ఆశయం. 1987 మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. దాని నిర్వచనాలలో సైకియాట్రిస్టు, మెడికల్ ఆఫీసరు, లైసెన్సుదారు ఉన్నారు. నర్సు లేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేక పాతికమందికి పైగా సజీవదహనమయ్యారు. ఆ గొలుసుల వెనుక ఉన్నది కాపలా భావనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను ఏ రూపంలోనైనా నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరో దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే రోగిని నిర్బంధించవచ్చునని చెప్పింది.

ఈ చట్టంలో చరిత్రకారులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఇది ‘మానసిక ఆరోగ్య నర్సు’ను నిర్వచించింది. రాష్ట్ర ప్రాధికార సంస్థ వద్ద నమోదైన నర్సు మానసిక ఆరోగ్య వృత్తినిపుణుల కోవలోకి వస్తుంది. రోగి తానుగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో చేర్చుకోవలసి వచ్చినప్పుడు ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు సైకియాట్రిస్టు. రెండవవారు వైద్యుడు గాని, ఇటువంటి వృత్తినిపుణులు గాని కావచ్చు. అంటే ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన కాగితంపై నర్సు సంతకం చెల్లుతుంది. తాళంచెవి పట్టిన చేతికి కలం అందిందన్నమాట.

అయితే అదే నిర్వచనంలో ఒక చిక్కు ఉంది. మానసిక నర్సింగ్‌లో డిప్లొమా లేదా పట్టా ఉన్నవారితోపాటు, సాధారణ నర్సింగ్‌లో డిప్లొమా లేదా పట్టా ఉన్నవారూ దాని పరిధిలోకి వస్తారు. నిపుణుల కొరత ఉన్న దేశంలో ఈ వెసులుబాటుకు కారణాన్ని ఊహించవచ్చు. కాని సంతకానికి అర్హత ఇచ్చిన చట్టం, ఆ సంతకానికి ముందు ఏ సామర్థ్యం ఉండాలో నిర్దేశించలేదు.

5. సంతకానికి ముందు ఉండవలసినవి:
పై చరిత్ర ఆధారంగా నాలుగు ప్రధాన సామర్థ్యాలను గుర్తించవచ్చు. మొదటిది, మానసిక స్థితిని పరీక్షించి, ఆత్మహత్య వంటి ప్రమాదాన్ని అంచనా వేయగలగడం. రెండవది, ఔషధ పరిజ్ఞానం. మూడవది, ఉద్రిక్తతను బలప్రయోగం లేకుండా మాటతో చల్లార్చగలగడం. నాలుగవది, రోగి హక్కులు తెలిసి, అవసరమైనప్పుడు సంస్థను కూడా ప్రశ్నించగలగడం. అటెండెంటు సంస్థకూ, తొలినాటి నర్సు వైద్యునికీ జవాబుదారులు. ఈ నాలుగవ సామర్థ్యం నర్సును రోగికి జవాబుదారును చేస్తుంది.

ఈ నాలుగింటికీ ఆధారమైనది భాష. తెలుగు రోగి తన బాధను ‘బెంగ’, ‘గుబులు’, ‘గుండెదడ’, ‘గాలి సోకింది’ వంటి మాటలతో చెప్పుకుంటాడు. కేసుషీటు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. ‘బెంగ’ అక్కడ ‘డిప్రెషన్’గా మారుతుంది. కాని బెంగకు ఎప్పుడూ ఒక ఆలంబనం ఉంటుంది. తల్లిమీద బెంగ, ఊరిమీద బెంగ, వలసపోయిన కొడుకుమీద బెంగ. “ఎవరిమీద?” అని అడగగలిగిన నర్సుకు రోగి జీవితం తెరుచుకుంటుంది. అడగకుండా అనువదిస్తే లక్షణం మిగిలి కారణం జారిపోతుంది. ‘గాలి సోకింది’ అన్నవారిని కూడా వెంటనే మూఢవిశ్వాసులుగానో, భ్రాంతిలో ఉన్నవారిగానో నమోదు చేయడం తొందరపాటే. అది కుటుంబమంతా పంచుకున్న వివరణ కావచ్చు. ఈ తేడాను పట్టుకోవడం మానసిక స్థితి పరీక్షలో భాగమే. అలా పట్టుకోగలిగినవారి సంతకానికే విలువ.

6. ముగింపు:
మానసిక ఆరోగ్య నర్సు వృత్తి మనదేశంలో కాపలాతో మొదలై, పరిచర్యగా, సంభాషణగా ఎదిగి, చట్టబద్ధమైన నిర్ణయంలో పాలుపంచుకునే దశకు చేరింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. విద్యాప్రమాణాల పునర్నిర్వచనానికి ఇది తగిన సమయం. మానసిక ఆరోగ్య నర్సుగా నమోదుకు ప్రత్యేకశిక్షణను తప్పనిసరి చేయడం, ఆ శిక్షణలో ప్రాంతీయభాషలోని బాధావ్యక్తీకరణల అధ్యయనాన్ని చేర్చడం అవసరం. ఇందులో రెండవ పని తెలుగు శాఖల సహకారం లేకుండా జరగదు. మాండలికాల వారీగా మనోవ్యధను తెలిపే పదాలు, జాతీయాల సేకరణ మన పరిశోధకులు చేయదగిన పని. ‘ఎర్రగడ్డ’ అన్న మాట ఎగతాళిగా మారిన భాషలోనే ‘బెంగ’ అన్న సున్నితమైన మాట కూడా పుట్టింది. నర్సు చేతికి ఈ రెండవ మాటను అందించే బాధ్యతలో భాషాశాఖలకూ వాటా ఉంది.