ధ్రువపత్రం అడిగే వైద్యం

వ్యాస భారతం విరాటపర్వంలో బృహన్నల కొలువు అడిగినప్పుడు విరాటుడు మంత్రులతో ఆలోచించి, స్త్రీలచేత పరీక్ష చేయించి, పుంసత్వం లేదని రూఢి చేసుకున్న తర్వాతనే కన్యాంతఃపురానికి పంపుతాడు. ఉద్యోగపర్వంలో శిఖండి మగవాడో ఆడదో తేల్చుకు రమ్మని దశార్ణరాజు హిరణ్యవర్మ స్త్రీలను పంపుతాడు. రెండూ తిక్కన తెనిగించిన పర్వాలలోని కథలే. మనం వీటిని అజ్ఞాతవాస నియమంగానూ, అంబ పగగానూ పాఠం చెప్పుకుని సాగిపోతాం. తానెవరో చెప్పుకున్న మనిషి మాట చాలదు, మరొకరు చూసి నిర్ణయించాలి అన్న భావం ఎంత పాతదో గమనించం. వలస పాలన వచ్చాక ఆ చూసే పనిని డాక్టరుకు అప్పగించారు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండవ భాగం హిజ్రాలకు ఉద్దేశించినది. తానే ఒప్పుకున్నవాడు గానీ, వైద్య పరీక్షలో నపుంసకుడని స్పష్టంగా తేలినవాడు గానీ ఆ చట్టం కిందికి వస్తాడని దాని నిర్వచనం. పోలీసు రిజిస్టరులో పేరు ఎక్కించడానికి డాక్టరు చూపు కావలసివచ్చింది. అంటే మన దేశంలో ఆధునిక వైద్యం హిజ్రాను మొదట చట్టబద్ధంగా కలుసుకున్నది రోగిగా కాదు, అనుమానితుడిగా. నిజాం రాజ్యంలో 1919లో (1329 ఫసలీ) ఇదే అచ్చులో పోసిన చట్టం వచ్చింది. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడవేషంలో బజారులో కనబడినా, ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైలు. రాజ్యం పోయింది, రాష్ట్రం మారింది, మళ్ళీ మారింది. ఆ చట్టం మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టివేసింది.

మా గోదావరి తీరం మద్రాసు ప్రెసిడెన్సీలోది కనుక ఆ రిజిస్టర్లు ఇటు రాలేదు. 1860 నాటి శిక్షాస్మృతి మాత్రం వచ్చింది. దాని 320వ సెక్షన్‌లో తీవ్ర గాయాల జాబితాలో మొట్టమొదటిది పుంసత్వాన్ని పోగొట్టడం. అదే స్మృతిలో, రోగి సమ్మతితో, రోగి మేలుకోరి చేసిన పనికి వైద్యుడికి రక్షణ ఇచ్చే 88వ సెక్షన్ కూడా ఉండేది. కానీ శస్త్రచికిత్స అడిగినవాళ్ళకు డాక్టర్లు వినిపించింది మొదటి సెక్షనే. ఆస్పత్రి తలుపు మూసుకుంటే దాయమ్మ కత్తి మిగిలింది.

విదేశాల్లో తలుపు మరో పద్ధతిలో మూశారు. అమెరికాలో హారీ బెంజమిన్ 1966లో ఈ విషయం మీద పెద్ద గ్రంథం రాశాడు. అదే ఏడు జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ప్రత్యేక క్లినిక్ తెరిచారు, 1979లో మూసేశారు. ఈ మధ్యకాలంలో వైద్యం కోరి వచ్చినవాళ్ళ జీవితకథలు బెంజమిన్ పుస్తకంలో చెప్పినట్టే ఉంటున్నాయని డాక్టర్లు సంతోషించారు. వచ్చినవాళ్ళూ ఆ పుస్తకమే చదివి, చేతులు మార్చుకుని, ఏం చెబితే వైద్యం దొరుకుతుందో నేర్చుకుని వచ్చారని వాళ్ళకు తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. శాండీ స్టోన్ 1991లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతి వివరంగా ఉంది.

రచయితలు ఆగి ఆలోచించవలసింది ఇక్కడ. నేను చదివిన తెలుగు కథల్లో ఇలాంటి పాత్ర వస్తే, చిన్నతనంలో అక్క ఓణీ చుట్టుకుని అద్దం ముందు నిలబడే దృశ్యం రాక తప్పదు. తర్వాత తండ్రి దెబ్బలు, చివర కన్నీళ్ళు. డాక్టరు బల్లమీది ప్రశ్నల కాగితానికీ మన కథానిర్మాణానికీ తేడా ఎంత? సినిమాల సంగతి చెప్పనవసరం లేదు. ఎ. రేవతి స్వీయచరిత్రను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు; ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దాన్ని కూడా మనలో చాలామంది జాలితో చదివి పక్కన పెట్టారు. అందులో బతుకును తన లెక్క ప్రకారం చెప్పుకునే మనిషి ఉందని చూసిన విమర్శ తక్కువ.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, లింగ గుర్తింపు మనిషి తాను చెప్పుకునేదేననీ, అందుకు శస్త్రచికిత్స జరిగి ఉండాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ తీర్పు చెప్పింది. ఆరేళ్ళు తిరక్కుండా వచ్చిన 2019 చట్టం, స్త్రీగానో పురుషుడిగానో నమోదు కావాలంటే శస్త్రచికిత్స జరిగినట్టు వైద్యాధికారి కాగితం తెమ్మంది. విరాటుడి కొలువు మళ్ళీ తెరిచినట్టే. ఒక్క మేలు జరిగింది. మద్రాసు హైకోర్టు 2021 తీర్పు తర్వాత, 'మార్చేస్తాం' అంటూ చేసే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022 ఆగస్టులో రాష్ట్ర మండళ్ళకు రాసింది. డాక్టరు మీద మండలికి ఫిర్యాదు చేయడానికి ఆధారం దొరికింది. అయితే ఆ కమిషనే 2024లో వైద్యవిద్యార్థుల పాఠ్యప్రణాళికలో స్వలింగ సంబంధాలను అసహజ నేరాలుగా మళ్ళీ చేర్చి, గగ్గోలు పుట్టాక సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది.

2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా ఆస్పత్రిలో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. అంతకుముందు ప్రైవేటు ఆస్పత్రులు వాళ్ళ చదువు చూడలేదు, వాళ్ళనే చూశాయి. హైదరాబాదు నారాయణగూడలో 2021 జనవరిలో ఈ వర్గం కోసమే 'మిత్ర్' క్లినిక్ తెరిచారు. డబ్బు అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థది. 2025 ఆరంభంలో అది ఆగగానే క్లినిక్ మూతపడింది. తర్వాత స్వదేశీ నిధులతో వేరే పేరు మీద మళ్ళీ తెరిచారు. పట్టిసీమ నుంచి అక్కడికి వెళ్ళాలంటే తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు చేరి, వంతెన దాటి రాజమండ్రిలో రాత్రి బండి ఎక్కాలి.