బర్గరులో ఉన్నది పురమే!

హాంబర్గరన్న మాటలో మాంసం ఉన్నదా? పంది తొడ మాంసాన్ని ఆంగ్లంలో 'హామ్' అంటారు గనుక ఉన్నదనే పలువురి ఊహ. నిజానికి అది హాంబుర్గ్ అనే జర్మన్ నగరం పేరు మీదుగా పుట్టిన మాట. 'బుర్గ్' అంటే కోట, దాని చుట్టూ వెలసిన పురం. అమెరికావారు ఆ మాటను నడిమికి విరిచి, వెనుక ముక్కను చీజుకూ, చేపకూ, చివరకు చిక్కుడుగింజకూ తగిలించారు. మనం ఆత్రేయపురం పూతరేకుల్లోంచి 'పురం' అన్న ముక్కను విరిచి, తీపి వంటలన్నింటినీ పురాలని పిలిచినట్లన్నమాట!

ఈ పురం కోసం ఐరోపాలో పెద్ద తగవే నడిచింది. మాంసం లేనిదాన్ని బర్గరని అమ్మరాదన్న ప్రతిపాదనను ఐరోపా పార్లమెంటు 2020 అక్టోబరులో తిరస్కరించింది. 2025 అక్టోబరులో అదే పార్లమెంటు 355 - 247 ఓట్లతో అటువంటి ప్రతిపాదననే సమర్థించింది. (ఒక్క పార్లమెంటు ఓటుతోనే అది చట్టమైపోదు లెండి.) కొనేవాడు మోసపోతాడన్నది వారి వాదన. పొట్లం మీద 'శాకాహారం' అని పెద్ద అక్షరాలతో ఉండగా ఎలా మోసపోతాడో నాకు బోధపడలేదు.

తగవు కొత్తది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కొలోన్ నగరం తిండికి కటకటలాడుతూంటే, అక్కడి నగరపాలనలో ఉన్న కోన్రాడ్ ఆడెనావర్ సోయాపిండితో సాసేజి తయారుచేయించాడు. తరువాతి కాలంలో పశ్చిమజర్మనీకి తొలి ఛాన్సలరైనది ఈయనే. మాంసం లేనిది సాసేజి కానేరదని స్వదేశంలో పేటెంటు నిరాకరించారు. ఆశ్చర్యమేమంటే, అప్పటికింకా శత్రుదేశమైన బ్రిటన్ 1918 జూన్‌లో దానికి పేటెంటు ఇచ్చింది!

మనదేశంలో ఇటువంటి పేచీ వచ్చినట్లు లేదు. 'కట్‌లెట్' అన్నది పక్కటెముకను సూచించే ఫ్రెంచి మాటనుంచి వచ్చింది. అయినా బంగాళాదుంప కట్‌లెట్‌ను రైల్లో కూర్చుని నిశ్చింతగా తింటున్నాం. ఎముక ఏదని అడిగినవారిని నేనెరుగను.

పేరు సంగతి అలా ఉంచి వస్తువు దగ్గరకు వద్దాం. పప్పునూ ధాన్యాన్నీ కలిపి బిళ్ళలు చేసుకోవడానికి అమెరికాలో ఒక శాస్త్రీయమైన ఊతమిచ్చినది ఫ్రాన్సెస్ మూర్ లాపే 1971లో వెలువరించిన 'డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్'. పప్పుల్లో లైసీన్ దండిగా ఉండి మెథియొనీన్ కొరవడుతుంది, ధాన్యాల్లో దీనికి విపర్యయం. కనుక రెంటినీ జతపరచాలని ఆమె బోధించింది. ఒకే పూట జతపరచనక్కరలేదని పదేళ్ళ తరువాతి కూర్పులో ఆమే సవరించుకున్నది. ఆ నిజాయితీ నాకు గ్రంథం కన్నా ఎక్కువగా నచ్చింది. ఇడ్లీలూ పప్పన్నమూ తిని పెరిగిన మనకు ఈ జతలో వింత తోచదుగానీ, మాంసాన్నే కొలమానంగా పెట్టుకున్న దేశంలో అది సాహసమే. అదే 1971లో టెనెసీ రాష్ట్రంలో వెలసిన 'ది ఫార్మ్' అనే సహజీవన సమాజం సోయాగింజలనే ముఖ్యాహారంగా చేసుకుని, సోయాబర్గర్లు వండుకున్నది.

లండనులో అన్నదమ్ములు క్రెయిగ్, గ్రెగరీ శామ్స్ 1960ల చివరలోనే మాక్రోబయోటిక్ భోజనశాల నడిపారు. 1982లో గ్రెగరీ 'వెజిబర్గర్' పేరిట ఒక పొడి మిశ్రమాన్ని అంగళ్ళలో పెట్టాడు. గమనించవలసినది ఆ 'పొడి' అన్న మాట. కొన్నవారు దాన్ని ఇంట్లో తడిపి, చేత్తో బిళ్ళలు చేసి కాల్చుకోవాలి. గడ్డకట్టించిన బిళ్ళలు రాజ్యమేలడంతో ఆ సగం వంట కూడా చేజారింది. చరిత్రలో నేను నష్టంగా లెక్కించేది దీన్నే, పేరును కాదు.

చేజారిన ఆ సగంలోనే కిటుకంతా ఉన్నది. గారెకు మినప్పప్పును పచ్చిగా నానబెట్టి రుబ్బుతాం. దాని జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. అరబ్బుల ఫలాఫెల్‌లోని శనగలూ పచ్చివే. బర్గరుకు గింజలు ముందే ఉడికిపోతాయి గనుక ఆ పట్టును ధాన్యం తెచ్చిపెట్టాలి. నేను రాజ్మాను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో పది నిమిషాలైనా తెర్లకాగనిచ్చి, ఆపైన మెత్తగా ఉడికిస్తాను. సరిగా ఉడకని రాజ్మా కడుపులో కల్లోలం చేస్తుంది. ఉడికిన గింజలను పళ్ళెంలో పరచి తడి ఆరనివ్వాలి. రెండు కప్పుల గింజలకు ముప్పావు కప్పు ఓట్ల పొడి, వేయించిన ఉల్లిపాయ, జీలకర్ర, పచ్చిమిర్చి చాలు. సగం గింజలనే మెదిపితే పంటికి తగులుతాయి. ముద్దను అరగంట చల్లని చోట ఉంచితే ఓట్లు తేమను పీల్చుకుంటాయి. పెనం మీద వేశాక అట్లకాడ చేతబట్టుకుని తొందరపడరాదు. అడుగు ఎర్రగా గట్టిపడి, తనంత తాను వదిలినప్పుడే తిరగవేయాలి.